ముందు తలుపు గడియ

సీతారామారావుకి పెళ్ళాం పుట్టినరోజు ఏనాడూ గుర్తుండదు గానీ, కారు కొన్న తేదీ, వారం, నక్షత్రం మాత్రం నోటికి వచ్చు.

ముఖం కడుక్కోకముందే కారు తుడిచే మనిషితో ఏం కాపురం చేసేదని ప్రమీలారాణి గోడు. ఆ తుడిచే గుడ్డ కూడా ఆమె మంచి చీర కొంగే.

డెబ్బై నాలుగులో తిరువూరు మొత్తానికి కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అందులో ఇదొకటి. బెజవాడ బ్రోకరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

దాని ముందు తలుపులకి బందులు వెనకవైపు ఉండేవి. తీస్తే వాకిలి తలుపులా ఎదురుగా తెరుచుకునేవి.

"చీర కట్టుకున్నవాళ్ళు నలగకుండా ఎక్కొచ్చు. నీ కోసమే చూసి చూసి కొన్నా," అన్నాడు.

అప్పటికి ఆయనకి నడపడం రాదు.

నెల తిరక్కుండా వెంకటప్పయ్య తనంతట తనే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఉతికిన పంచె.

"డ్రైవింగు వచ్చు సార్. తిండి పెట్టి, వసారాలో ఇంత చోటిస్తే చాలు."

బండి బాగానే నడిపేవాడు. పేచీ అంతా ముందు సీటు దగ్గరే. వెనక కూర్చుంటే ప్రమీలారాణికి వాంతులు. అందుకని మూడేళ్ళ పద్మజని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునేది. ఆ పిల్ల చెయ్యి ఎప్పుడూ తలుపు పిడి మీదే.

"పాపని వెనక కూర్చోబెట్టండమ్మా."

"ఎందుకయ్యా, తలుపు వేసే ఉందిగా?"

"ఎదురుగాలిలో గొడుగు పట్టుకున్నారా ఎప్పుడైనా? చేతిలోంచి లాక్కుపోతుంది. ఈ తలుపూ అంతే. బండి పరుగులో ఉండగా రవ్వంత ఊడినా గాలి మొత్తం తెరిచేస్తుంది. బందులు ముందుంటే ఆ గాలే మూసేసేది."

అది విని సీతారామారావు నవ్వాడు. "కారు చేసినవాళ్ళకి లేని తెలివి నీకుందంటావు."

"కారు అమ్మేయండి సార్."

"ఎవరికి, నీకా?"

వెంకటప్పయ్య వెళ్ళి ముందు తలుపు మరోసారి గట్టిగా నొక్కి చూశాడు.

మర్నాడు తలుపు లోపలివైపు, పాప చేతికి అందని చోట, ఓ ఇనుప గడియ ప్రత్యక్షమైంది. కిటికీలకి పెట్టే రకం. ఎవర్నీ అడక్కుండా తనే బిగించాడు.

అదే వారం తోడల్లుడు మధుసూదనరావు దిగాడు. కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటి తోడల్లుడు గారూ, కోళ్ళగూటి గడియ పెట్టించారు? రాత్రిళ్ళు గుడ్లు కూడా పెడుతోందా?"

సీతారామారావు ముఖం నల్లబడింది.

"వెంకటప్పయ్యా, కారు నాదా, నీదా?"

"మీదే సార్."

"అయితే ఇంక నువ్వు వెళ్ళొచ్చు. నడపడం నాకూ వచ్చింది."

అదీ వెంకటప్పయ్య నేర్పిందే. ప్రమీలారాణికి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. తోడల్లుడి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని మింగేసింది.

వెంకటప్పయ్య సంచీ సర్దుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"గడియ తియ్యనివ్వకండమ్మా. సార్ చూడకుండా వేసుకోండి."

"ఏ ఊరు మీది?"

"గుడివాడ అవతల, పెదమెరక. పేరు చెబితే చాలు."

గడియ పీకే పని మెకానిక్ జోజప్పకి పడింది. ప్రమీలారాణి అతనికి కాఫీ ఇచ్చి, "రేపు తీద్దువులే" అంది. జోజప్ప రేపు అన్న పని ఏ రేపటికీ కాదని ఊరందరికీ తెలుసు. అప్పట్నుంచి కారెక్కగానే గడియ వెయ్యడం, పైన కొంగు కప్పడం ఆమెకి అలవాటైంది.

నాలుగు నెలలకి వినగడప నుంచి వస్తున్నారు. ఎదురుగా లారీ దూసుకొచ్చింది. పద్మజ ఉలిక్కిపడి పిడి పట్టుకుని వేలాడింది.

టక్కుమంది.

తలుపు విసురుగా బయటికి తెరుచుకోబోయింది. గడియ దగ్గర ఆగింది. నాలుగు వేళ్ళ సందు. ఆ సందులోంచి, పాప కాళ్ళ కింద, రోడ్డు పరుగెడుతోంది.

సీతారామారావు బండి ఆపాడు. కొంగు జారిన చోట గడియ కనబడింది.

"జోజప్ప తియ్యలేదా?"

"నేనే వద్దన్నా."

ఆయన దిగొచ్చి ఆ గడియని వేలితో లాగి చూశాడు.

"ఆయనది ఏ ఊరో నీకు చెప్పాడా?"

మర్నాడే ముగ్గురూ అదే కారులో బయల్దేరారు. పెదమెరకలో పేరు చెబితే, చూపించింది పాక కాదు. రెండంతస్తుల మేడ.

బోసి నుదుటితో ఒక పెద్దావిడ బయటికి వచ్చింది.

"డ్రైవరు వెంకటప్పయ్య గారి ఇల్లు..." అన్నాడు సీతారామారావు.

"డ్రైవరేంటి బాబూ? ఆయన కిందే పదిమంది పనిచేసేవాళ్ళు. నేను ఆయన భార్యని, నాగేశ్వరమ్మని. ఆయన పోయి ఇరవై రోజులైంది."

అంతలో ఆమె చూపు గేటు దగ్గరున్న కారు మీద పడింది. మెట్లు దిగి దాని దగ్గరికి నడిచింది.

"ఇది మా కారే. లేక లేక పుట్టిన మా పాప ఆ ముందు తలుపులోంచే పడి చనిపోయింది. కళ్ళెదుట ఉంచుకోలేక బ్రోకరుకి ఇచ్చేశారు. ఇచ్చాక ఆయనకి ఉన్న నిద్ర కూడా కరువైంది. ఆ పిల్ల సంగతి ఎవరికైనా చెప్పబోయి మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవారు. కొన్నవాళ్ళింట్లోనూ చంటిది ఉందని విన్నారు. ఆ మర్నాడే కాశీ వెళ్ళొస్తానని బయల్దేరారు. కొన్ని నెలలకి తిరిగొచ్చారు."

ఆమె పద్మజ వంక చూసింది.

"కాశీలోనే ఉన్నారనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

సీతారామారావు చెప్పులు విడిచి ఆమె ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నాదే తప్పమ్మా. ఆ తలుపుకి గడియ పెట్టారని ఆయన్ని ఇంట్లోంచి పంపేసింది నేనే."