వాన పాఠం

"మాస్టారూ, మీరు కాసేపు వసారాలో ఉండండి. ఎదురుగా మీరుంటే పిల్లలు పుస్తకం మానేసి మీ ముఖం చూస్తారు," అన్నారు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు బ్రహ్మానందం.

త్రికోటేశ్వరరావు మాస్టారు బయటికి నడిచాడు. అక్కడ దూది ఏకే జమాల్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. కూతురు హసీనాను బళ్ళో ఉంచాలో మాన్పించాలో ఇవాళ తేల్చుకోవాలని పొద్దుటే వచ్చాడు.

"అయ్యా, దానికి చదువొచ్చిందని తమరంటే ఉంచుతా. రాలేదంటే నాతో పనికి తీసకపోతా. ఇంట్లో చేతులు చాలటంలా," అని ఇన్‌స్పెక్టరుకు ముందే చెప్పేశాడు.

"వచ్చే ఉంటుందిలే," అని నవ్వారు బ్రహ్మానందం. ఆయన ఆశ ఆయనది. అర్థం తెలియని పద్యాలతో పసివాళ్ళ గొంతులు అరగదీయడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. వాన గురించి, జొన్నచేను గురించి చిన్న చిన్న వాక్యాలతో కొత్త వాచకం తయారుచేశారు. పైవాళ్ళతో పోట్లాడి, రొంపిచెర్ల దగ్గరి ఈ ఊరి బడికి దాన్ని పంపించారు. ఇక్కడి నలుగురు పిల్లలూ చదవగలిగితే తాలూకా అంతటా అదే పాఠం. లేకపోతే మళ్ళీ పాత వల్లింపే. యుద్ధం రోజులు, కాగితమే గగనంగా ఉంది. ఇంకో అవకాశం ఎవరిస్తారు?

బల్లమీది వాచకం తీసి పుల్లారావుకు ఇచ్చారు. వాడు వాన పాఠం గడగడా చదివాడు. ఆయన మనసు తేలికపడింది.

జానీ మాత్రం పుస్తకాన్ని పక్కకు తిప్పి పట్టుకున్నాడు.

"ఆటలా? సరిగ్గా పట్టుకో," అని ఆయనే తిన్నగా చేసి ఇచ్చారు. అంతే, వాడు నీళ్ళు నమిలాడు. ధనలక్ష్మి కూడా అంతే. పుస్తకం తిన్నగా చేసేసరికి తడబడింది.

హసీనా లేచింది. పుస్తకం అందుకుని, అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా పట్టుకుంది.

"నల్లరేగడి నేల నెర్రెలిచ్చింది. వాన కోసం ఎదురుచూసింది," అంటూ ఒక్క తప్పు లేకుండా చదివింది. వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతోంది. మసీదు దగ్గర అరబ్బీ చదివే అలవాటు కాబోలు అనుకున్నారాయన.

పుస్తకం తలకిందులైందని కూడా ఎరగని పిల్ల! ఇది చదువా? పాత చిలకపలుకులే, కొత్త పుస్తకంలోకి వచ్చి కూర్చున్నాయి. పసిదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి మనసొప్పక, "చాలమ్మా," అని పుస్తకం తీసేసుకున్నారు.

వసారాలోకి వచ్చి జమాల్ ముఖం చూడలేక ఎటో చూస్తూ అన్నారు.

"చదువు రాలేదయ్యా. తీసుకెళ్ళు."

"అనుకుంటానే ఉన్నా. పదవే తల్లీ."

"నాకొచ్చు నాయనా! చదివాగా!" హసీనా ఏడుస్తూనే తండ్రి వెంట వెళ్ళింది. వీధి మలుపు తిరిగేదాకా బడివైపే చూసింది.

మాస్టారు నిర్ఘాంతపోయాడు. "అయ్యా, అందరిలోకీ బాగా చదివేది ఆ పిల్లేనండీ!"

"బట్టీ పట్టించారు."

"ఒట్టండీ! ఒక్క ముక్క వల్లె వేయించలేదు."

"నా కళ్ళారా చూశాను మాస్టారూ. ఇక చెప్పకండి. కొత్త పాఠం పనికిరాలేదని రేపే రాసేస్తాను. బండి కట్టేదాకా మీ పని మీరు చూసుకోండి."

మాస్టారు తల వంచుకుని లోపలికి వెళ్ళి వాచకాన్ని నేలమీద పరిచాడు. "ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండర్రా," అన్నాడు.

గుమ్మంలోంచి చూస్తున్న బ్రహ్మానందం, "అందరికీ కలిపి ఒకటే పుస్తకమా?" అని అడిగారు.

"కాగితం లేదని పైనుంచి ఒక్కటే పంపారండీ. మొదటిరోజు నుంచీ దాని చుట్టూ కూర్చునే నేర్చుకున్నారు."

పుల్లారావు పుస్తకం ముందు కూర్చున్నాడు. జానీ ఓ పక్కన, ధనలక్ష్మి రెండో పక్కన.

పుస్తకానికి తలవైపు, హసీనా చోటు ఖాళీగా ఉంది.