స్టెప్నీలో గాలి

జాకీ జారింది. బండి ఒక్క ఊపున కిందికి కూలబడింది.

బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్న డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చావు రాలేదు. మెల్లగా తెరిచాడు. ఛాసీ కమ్మీ ఛాతీని ఆనుకుని ఆగింది. కుడిచెవి పక్కనే స్టెప్నీ పడుకోబెట్టి ఉంది. పాత పికప్ బరువంతా దాని మీదే నిలబడింది. ఊపిరి కొంచెం గట్టిగా పీలిస్తే ఇనుము తగులుతోంది. అటూ ఇటూ జరగడానికి సందు లేదు.

"ఒసేయ్! ఉన్నావా, చచ్చావా?"

"నేను బాగానే ఉన్నాను. మీ సంగతి చూసుకోండి." టైరుకు అవతలి పక్క నుంచి భార్య గొంతు.

"పంక్చరైన టైరు విప్పుతుంటే నట్టు దొర్లిపోయిందని కిందికి దూరితే, ఈలోపు జాకీని ఏం చేశావే?"

"ముట్టుకోలేదు. ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నారుగా."

"నన్ను చంపుదామనే చూశావు!"

"చంపేదాన్నయితే ఆ స్టెప్నీని కిందికి ఎందుకు తోస్తాను? ఎప్పుడూ మీరే తోసుకుని దూరుతారు. ఇవాళ నన్ను తిట్టే హడావుడిలో మరిచిపోయారు."

బండి కింద దూరే ముందు ఛాసీ కిందికి ఒక టైరు తోసుకోవడం ఏ డ్రైవరైనా చేసే పనే. జాకీ జారినా బండి టైరు మీద పడుతుంది, మనిషి మీద పడదు. ఇన్నేళ్ళలో అతను మరిచిపోయింది ఇవాళే.

అప్పుడు వినపడింది. స్స్స్స్...

"ఏమిటా చప్పుడు?"

చప్పుడు ఆగింది. "ఏ చప్పుడు?" అందామె.

"గాలే! స్టెప్నీలోంచి గాలి పోతోంది!"

"పోతుందేమో. పాత టైరేగా."

ఆమె మాట ఆగగానే మళ్ళీ మొదలైంది. స్స్స్స్... చెవిలోనే పోస్తున్నట్టుంది. గాలి పోతే టైరు రెండు వేళ్ళు కుంగుతుంది. అతని ప్రాణం పోవడానికి ఆ రెండు వేళ్ళు చాలు.

"జాకీ పెట్టు! ఇరుసు కింద పెట్టి రాడ్డు తిప్పు. తొందరగా కానీ!"

"పెడతాను. ముందు ఒక్క మాట చెప్పండి. ఈ బండి ఎటు పోతోంది?"

"అది ఇప్పుడా అడిగేది?"

స్స్స్స్...

"మీ పుట్టింటికి!"

"వెనకున్న ట్రంకుపెట్టె ఎవరిది?"

"నీదే."

"పాప ఎక్కడుంది?"

"ఇంట్లో. మా అమ్మ దగ్గర."

"నన్ను మా అమ్మ గుమ్మంలో పడేసి పోతానన్నారు. ఇక బతికుండగా పాప మొహం చూడనివ్వనన్నారు. అన్నారా, లేదా?"

అతను తల పక్కకు తిప్పి చూశాడు. చక్రాల సందులోంచి ఖాళీ రోడ్డు కనపడింది. పురుగు కూడా లేదు. కేక వేద్దామని ఊపిరి పీల్చాడు. కమ్మీ పక్కటెముకల్లో నొక్కుకుంది. కేక గొంతులోనే చచ్చింది.

"కోపంలో... ఏదో అన్నానే."

స్స్స్స్స్...

"అన్నాను! అన్నాను! నాదే తప్పు. బండి వెనక్కి తిప్పుతాను. తల్లీ, నీకు దండం పెడతాను, ముందు జాకీ పెట్టు."

"తల్లీ అంటున్నారా! ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకున్నారు?" అందామె. "నాకు చెబితే ఏం లాభం? బయటికి రాగానే గాలికి పోయే మాటే కదా. ఇంట్లో చెప్పండి."

ఆమె ఇంటికి ఫోను కలిపి, నేల మీద నుంచి లోపలికి జరిపింది. స్పీకరులో అతని తల్లి గొంతు పలికింది. "ఏరా, దింపేశావా?"

"లేదమ్మా. వెనక్కి తీసుకొస్తున్నాను."

"అదేంట్రా? పొద్దున అంత ఎగిరావు. మళ్ళీ దాన్ని ఎందుకు నెత్తినెక్కించుకోవడం?"

స్స్స్స్...

"అమ్మా! అది వస్తుంది. పాప దాని దగ్గరే ఉంటుంది. నువ్వు మధ్యలోకి రావద్దు. సరే అనవే అమ్మా!"

"ఎందుకురా ఏడుస్తున్నావు?"

"పాపకు ఇమ్మనండి," అంది టైరు అవతలి గొంతు.

"పాపకివ్వమ్మా!"

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత చిన్న గొంతు. "నాన్నా, అమ్మేదీ?"

"వస్తోందమ్మా. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"మళ్ళీ పంపించేస్తావా?"

"పంపించను. ఎప్పుడూ పంపించను."

"ఒట్టా?"

స్స్స్స్స్స్...

"ఒట్టు! నీ మీద ఒట్టు!"

ఫోను పక్కకు జరిగింది. జాకీ నేలకు తగిలిన చప్పుడైంది. రాడ్డు కిర్రుకిర్రుమంటూ తిరిగింది. ఆమె ఎవరో నేర్పినంత శుభ్రంగా తిప్పుతోంది. ఎవరూ నేర్పలేదు, ఇన్నేళ్ళూ పక్కన నిలబడి తిట్లు తింటూ చూసింది అంతే. ఇనుము ఛాతీ మీద నుంచి కొద్దికొద్దిగా లేచింది.

అతను మోచేతులతో దేక్కుంటూ నడుము దాకా బయటికొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. తడిసింది చొక్కా ఒక్కటే కాదు. కొంచెం ఊపిరి తీసుకుని, లేద్దామని స్టెప్నీ మీద చెయ్యి ఆనించాడు.

రాయిలా ఉంది.

బొటనవేలితో నొక్కాడు. కుంగలేదు. వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మీద రాశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"గాలి పోలేదే!"

"పోలేదు."

"మరి ఆ చప్పుడు?"

ఆమె రాడ్డు పక్కన పెట్టింది. చేతుల దుమ్ము దులుపుకుంది. వంగి, అతని మొహంలోకి చూస్తూ పళ్ళు బిగించింది.

"స్స్స్స్..."

అది ఆమె నోరేనని కళ్ళారా చూస్తూ కూడా, బండి కింద ఇంకా మిగిలున్న కాళ్ళను అతను చటుక్కున బయటికి లాక్కున్నాడు.