కదలని గీత

"పిల్లని అడిగేదేటిరా? మీరు పుట్టినప్పుడే అనుకున్న మాట ఇది" అని గణపతిరావు తేల్చేశాడు.

పెళ్ళికి ముందు కూతురి ఇష్టం కనుక్కోమన్నందుకు జగన్నాధానికి దొరికిన జవాబు అది. ఆయన సొంత మేనమామ. పైగా అరసవల్లిలో ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఇంకా పుట్టలేదు.

పద్మకుమారి అంటే జగన్నాధానికి ప్రాణం. కానీ తనంటే ఆమెకు ఇష్టమో కాదో తెలియకుండా తాళి కట్టడానికి మనసొప్పలేదు. పోనీ ఆమెనే అడుగుదామంటే, ముహూర్తం మాట ఎత్తిన దగ్గర్నుంచీ వడ్డనకు తప్ప బయటికే రావడం లేదు.

చేతిలో విద్య ఉండగా దిగులెందుకు అనుకున్నాడు. బొంబాయి ప్రయోగశాలలో అయస్కాంత యంత్రం మీద అతని పని. ఈ అరవై ఎనిమిదిలో అలాంటి యంత్రాన్ని చూసినవాళ్ళే తక్కువ. గాజుగొట్టంలో ప్రోటీను ద్రావణం పోసి పెద్ద అయస్కాంతం మధ్య పెడితే, ఒక్కో పరమాణువుకూ కాగితం మీద ఒక్కో గీత పడుతుంది. రేడియో తరంగంతో ఒక్క పరమాణువును కదుపుతారు. దానితో బంధం ఉన్నదాని గీత మారిపోతుంది. లేనిదాని గీత చెక్కు చెదరదు. గుంపును విడదీయకుండానే ఎవరికి ఎవరు దగ్గరో తెలిసిపోతుంది. అణువుల గుట్టు విప్పినవాడికి మరదలి మనసొక లెక్కా అని మన శాస్త్రజ్ఞుడి ధీమా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కదిపాడు.

"మావయ్యా, మా ప్రొఫెసరుగారు వాళ్ళమ్మాయిని చేసుకోమంటున్నారు. నాకూ ఇష్టంగానే ఉంది."

గణపతిరావుకు పొలమారింది. అత్తయ్య లక్ష్మీనరసమ్మ పులుసు గరిటె జారవిడిచింది. పద్మకుమారి మాత్రం బావ వైపు ఒకసారి చూసి, తాపీగా వంగి, అతని పప్పులో నెయ్యి వేసింది. చెయ్యి వణకలేదు. చుక్క ఒలకలేదు.

గీత కదల్లేదు. జగన్నాధం విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

ప్రయోగం తను చేసిందే. ఫలితం నచ్చలేదని కాదంటే ఎలా? పెట్టె సర్దుకున్నాడు. సాయంత్రం రైలుకు ఆమదాలవలస స్టేషను చేరాలి. మావయ్య మొహం తిప్పుకుని కూర్చున్నాడు. తీరా గుమ్మంలోకి వస్తే ఎడమకాలి జోడు ఒక్కటే ఉంది. రెండోదాన్ని వెతుక్కుంటూ పెరటివైపు వెళ్ళాడు. వంటింట్లో అత్తయ్య ఏడుస్తోంది.

"ఒసే, బావ ఎల్లిపోతన్నాడే! నీకు సీమ కుట్టినట్టయినా లేదేటే?"

పద్మకుమారి కిసుక్కున నవ్వింది.

"ఊరుకోమ్మా, అబద్దమాడితే బావ సెవులు ఎర్రగయిపోతాయని సిన్నప్పట్నించీ నాకు తెల్దేటి? అయినా ఒకేళ నిజమైతే ఎల్లిపోకుండా రెండో జోడు ధాన్యం గాదెలో పడేసినాను."