చీరల సొరంగం

హార్బర్ కాలనీలో ప్రతి ఇంటి నెట్ కనెక్షనూ కంపెనీ గేటు గుండానే వెళ్లాలి. గేటు దుకాణాల పేజీలను వదులుతుంది, పడవలకు వెళ్లే మాటను మాత్రం ఆపేస్తుంది. తుఫాను కబురు అమ్ముకునేది కంపెనీయే మరి.

ఆ మధ్యాహ్నం గాలి తిరిగింది. సముద్రం మీదున్న పోలారావుకు ఆ సంగతి తెలియదు.

అతని భార్య చిన్నమ్ములు చీరల దుకాణం పేజీ తెరిచింది. ఆ పేజీ లోపల తను తవ్విన సొరంగంలోంచి మాట పడవకు చేరుతుంది. పేజీకి తాళం ఉంటుంది కనుక గేటుకు లోపలి మాట కనబడదు, పైన సాగే బేరం తీరు చూసి ఎవరో చీరలు కొంటున్నారనుకుంటుంది. నిన్న మాత్రం పట్టేసింది.

"నిన్న ఏటి సేసినావు?" అంది అత్త నూకరత్నం.

"అనుమానం రాకూడదని మొదటి సీరే కొనీసినాను అత్తా."

"మొదటి సీరే కొన్నోళ్లని ఎక్కడైనా సూసినావేటే? ఇలా తే."

నూకరత్నం తెర ముందు కూర్చుంది. ఒక్కో చీరా విప్పించింది, అంచు చూసింది, పక్కన పెట్టించింది, మళ్లీ మొదటిదే అడిగింది. గేటు కిమ్మనలేదు.

"మావా, ఉత్తరం రేవుకి తిప్పీ. పక్క పడవలోళ్లకీ సెప్పు," అంటోంది వెనక చిన్నమ్ములు.

సాయంత్రానికి పోలారావు గొంతు వినిపించింది. "వచ్చీసినాం. మసేనుగాడి పడవొకటే ఎనకుంది."

అంతలో తెర మీద గేటు అడిగింది: 'చాలాసేపు చూశారు. ఏమీ కొనలేదు. ఇంకా చూస్తారా?'

నూకరత్నం పట్టుచీరలు తీయమంది. మసేను పడవ కూడా రేవు చేరిందని తెలిశాక కొంగు దులుపుకుని లేచింది.

"ఒక్కటీ నచ్చనేదు," అంది గేటుతో.