తగ్గించిన ప్రెషర్

"ఇంకొంచెం పెంచు కాక," అన్నాడు జాన్ ప్రసాద్, పెయింట్‌బాల్ తుపాకీని మూడోసారి బల్ల మీద పెడుతూ.

నర్సింగం తలెత్తి చూశాడు. గోదావరిఖని శివారులోని ఆ ఆటస్థలంలో తుపాకులు సరిచేసే పని అతనిది. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు గాలి డ్రిల్లులు బాగుచేసి రిటైరైన మనిషి. గాలి ప్రెషర్ గురించి అతనికి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా ఓపిగ్గా రెగ్యులేటర్‌ను రవ్వంత తిప్పి, నాలుగు రంగు నింపిన గోలీలు పేల్చాడు. వేగం కొలిచే మిషన్ సెకనుకు రెండొందల ఎనభై అడుగులు చూపించింది. అంతకు మించితే తగిలినచోట తోలు కమిలిపోతుందని, ఇక్కడ ఎవరినీ ఆ లెక్క దాటనివ్వమని చెప్పాడు.

జాన్ ప్రసాద్ కాలు ఒకచోట నిలవడం లేదు. మాస్కు పెట్టుకుంటాడు, తీస్తాడు, మైదానం వైపు చూస్తాడు. ఈసారి ట్రిగ్గర్ గట్టిగా ఉందన్నాడు. వేలు ఆనితే పేలాలన్నాడు. నర్సింగం ట్రిగ్గర్ దగ్గరున్న చిన్న స్క్రూ తిప్పి, నొక్కే దూరం తగ్గించాడు. ఇంకా తగ్గిస్తే ఒకసారి నొక్కితే రెండు పోతాయని చెప్పినా అతను ఇంకా ఇంకా అంటూనే ఉన్నాడు.

"ఎవరి మీద బిడ్డా గింత కోపం?"

"కోపం కాదు కాక. ఇయ్యాల తిరుమల చేతిల మాత్రం ఓడిపోవద్దు. ఓడిన్ననుకో, నా పని ఖతం."

తిరుమల నర్సింగం కూతురే. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతుంది. జాన్ ప్రసాద్ అక్కడే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఆదివారం కదా అని డంపర్లవాళ్లు ఒక జట్టు, వర్క్‌షాపువాళ్లు ఒక జట్టుగా ఆడటానికొచ్చారు. పోయిన వారం తిరుమల ఇతన్ని వెనకనుంచి కొట్టి అవుట్ చేసిందని, వారమంతా వర్క్‌షాపులో అదే నవ్వులాట అని వాళ్లలో ఒకడు ఇందాకే చెప్పిపోయాడు.

నర్సింగం మనసు మనసులో లేదు. ఆడపిల్ల చేతిలో ఓడిన ఉక్రోషం మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. దగ్గరికొచ్చి మెడ మీద కొడితే? బ్యారెల్‌లో రంగు అంటింది, తుడిచిస్తానని చెప్పి తుపాకీని ఒళ్లోకి తీసుకున్నాడు. గుడ్డ చాటున రెగ్యులేటర్‌ను వెనక్కి ఒక చుట్టు తిప్పాడు. మనసాగక ఇంకో సగం చుట్టు తిప్పాడు. సర్వీసు మొత్తంలో తెలిసి తెలిసి ఒక్క మిషన్‌ను కూడా చెడగొట్టి ఇవ్వలేదు.

"ఇగ బరాబర్ ఉంది, తీస్కపో," అన్నాడు, అతని మొహం చూడకుండా.

విజిల్ మోగింది. నర్సింగానికి కూర్చోబుద్ధి కాలేదు. బల్ల వదిలి మైదానం చుట్టూ కట్టిన వల పట్టుకుని నిలబడ్డాడు. పావుగంటలో అందరూ అవుటై ఇద్దరే మిగిలారు. డ్రమ్ముల వెనక తిరుమల, పాత టైర్ల వెనక జాన్ ప్రసాద్. తిరుమల చోటు మారబోయింది. జాన్ ప్రసాద్ ఒక్క ఉరుకున బయటికొచ్చి వరసగా మూడు పేల్చాడు. మూడూ ఆమె చొక్కాకు తగిలి, పగలకుండానే కిందపడి దొర్లాయి. రంగు అంటందే దెబ్బ కిందికి రాదని రిఫరీ చెయ్యూపాడు. జాన్ ప్రసాద్ బిత్తరపోయి తన తుపాకీ వంక చూసుకుంటుండగానే అతని ఛాతీ మీద పచ్చరంగు భళ్లున పగిలింది.

నర్సింగం వలను వదిలాడు. ఊపిరి తీసుకున్నాడో లేదో, మాస్కు తీసి తనవైపే వస్తున్న జాన్ ప్రసాద్ కనబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. రెండడుగుల వెనక తిరుమల. కొట్లాట తప్పదనుకున్నాడు నర్సింగం. అతను నోరు తెరవకముందే తానే ఒప్పేసుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. ప్రెషర్ నేనే తగ్గించిన. నా పిల్లకు దెబ్బ తాకుతదని భయమైంది."

జాన్ ప్రసాద్ ప్రాణం లేచొచ్చినట్టు వెనక్కి తిరిగి, అట్లయితే ఈ ఆట లెక్కలోకి రాదు కదా అని తిరుమలను అడిగాడు. ఆమె కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపి, చేతి గ్లౌజులు తీసుకుంటూ నేల చూపులు చూసింది.

"ఓడినోళ్లే నీకు చెప్పాలని పందెం కాక," అన్నాడు జాన్ ప్రసాద్, "నేను, తిరుమల పెండ్లి చేసుకుందామనుకుంటున్నం."