గుర్తుపట్టే నాథుడు

"ఈవిడ మా ఆవిడ కాదు బాబూ!"

తలకు తీగల టోపీతో కుర్చీలో కూర్చున్న పెద్దాయన, టెక్నీషియన్ చెయ్యి వదలడం లేదు.

పక్కనున్నావిడ చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంది. "విన్నావుగా తమ్ముడూ! ఊరు మారినప్పట్నుంచీ ఇదే పాట. ముప్పయ్యేళ్ళ కాపురం గంగలో కలిసింది. ఆల్జీమర్స్ అని రిపోర్టు రాసిచ్చావంటే, ఇవాళే ఆశ్రమంలో పడేస్తాను. నా వల్ల కాదిక."

"అందులో పడితే మళ్ళీ బయటపడను," గొణిగాడు పెద్దాయన.

టెక్నీషియన్‌కు జాలేసింది, ఆవిడ మీద. కంటి పరీక్షలో ఆ జబ్బు జాడే లేదు. మెదడు జబ్బుల ఛాయలు కనిపించే కంటి వెనక పొర, రెటీనా, అద్దంలా ఉంది. ఇక తేల్చాల్సింది మెదడు తరంగాలే.

"తెర మీద ముఖాలు వస్తాయమ్మా. తెలిసిన ముఖమైతే, నోరు కాదన్నా ఈ గీత ఎగురుతుంది. మీరు తెచ్చిన ఫొటోల మధ్య నేను ఏరి తెచ్చిన పరాయి ముఖాలు కూడా కలిపాను."

"అవి ఆయనకు తెలిసినవాళ్ళవైతే?"

టెక్నీషియన్ నవ్వాడు. "వాళ్ళను గుర్తుపట్టే నాథుడే లేడు. నాదీ పూచీ!"

పెద్దాయన తమ్ముడి ఫొటో వచ్చింది. గీత ఎగిరింది. పెంపుడు కుక్క. ఇంకా ఎగిరింది. తర్వాత ఆవిడ ఫొటో. గీత చాప పరిచినట్టు పడుకుంది. ఆయన చూపు కూడా ఆ ముఖం మీద నిలవకుండా పక్కకు జారిపోయింది.

"చూశావా! రాసెయ్ తమ్ముడూ!" ఆవిడ గొంతులో ఏడుపు కన్నా తొందరే ఎక్కువగా ఉంది.

తర్వాతది టెక్నీషియన్ కలిపిన ముఖం. కళ్ళు మూసుకున్న నడివయసు స్త్రీ.

గీత తెర అంచు దాకా లేచింది. పెద్దాయన చూపు అక్కడే అతుక్కుపోయింది.

"ష్! మెల్లగా మాట్లాడండి," అన్నాడు రహస్యంగా. "పడుకుంది. ఊరు మారే ముందు పడుకుంది. ఇంకా లేవలేదు పిచ్చిది."

ఆవిడ చేతిసంచి జారి దభీమని కింద పడింది.

"ఆ ఫొటో... నీకెక్కడిది?"

టెక్నీషియన్ తెర మీది ముఖం వైపు తిరిగాడు.

అది పోలీసుల 'గుర్తుతెలియని శవం' ప్రకటనలోంచి కత్తిరించింది.