టోపీలోంచి కోసిన రింగు

“కార్బురేటరు గాలి పీలుస్తోందిరా. ఇంజను మీద అది కూర్చునే చోట ఫెల్టు రింగు అరిగిపోయింది” అన్నాను.

నా చిన్ననాటి నేస్తం నేవియో నా షెడ్డులో స్టూలు మీద కూర్చుని తన పాత వెస్పా స్కూటరు వంక చూస్తున్నాడు. అతని ఉన్ని ఫెల్టు టోపీ ముట్టుకుని తిట్లు తినని వాడు మా లివోర్నో ఊళ్లో లేడు.

ఆ టోపీనే అతని భార్య ఎర్సీలియా అతని తల మీంచి తీసి నా చేతిలో పెట్టింది. “రింగులు దొరకని రోజుల్లో మీ నాన్న టోపీలే కోసేవాడుగా. దీన్ని కోసెయ్యి, అన్నయ్యా.”

“ఒరే నేవియో, నీ టోపీకి చిల్లు పెడుతున్నా! తిట్టవేంరా?”

కత్తెర దిగింది. ఆమె మాత్రం అతని ముఖమే చూస్తోంది.

రింగును నూనెలో ముంచి, కార్బురేటరు మెడలో కూర్చి, పట్టీ బిగించాను. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. ఇదివరకటి అరుపు లేదు, మెత్తగా తిరుగుతోంది.

నేవియో నవ్వాడు. “బాగా కుదిరిందండీ. పాపం, ఆ టోపీ ఎవరిదో?”

ఎర్సీలియా గోడవైపు తిరిగింది. ఆ పాత తిట్లు మళ్లీ వినొచ్చేమోనని పొద్దున ఆమె దాచమన్న కొత్త రింగుల డబ్బాను, కాలితో బల్ల కిందికి ఇంకాస్త నెట్టాను.